శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల వారికి, తరుగు విషయమై

మహారాజశ్రీ శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల వారి సముఖానికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. నేను తమ ఊరికి దగ్గర్లోనే, బే ఏరియాలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. మావాళ్లు ఏ దేశంలో విమానం దిగినా ఇంటద్దె కన్నా ముందు బంగారం ధర వాకబు చేస్తారు. ఆ తర్వాతి ప్రశ్న, తరుగు ఎంత తీస్తారని. కాబట్టి బంగారం గురించి తమకు ఉత్తరం రాసే అర్హత నాకు పుట్టుకతోనే వచ్చిందని మనవి. విషయం కూడా తరుగే. మీ ఊరి బంగారంలో తరుగు ఎక్కడెక్కడ పోయింది, ఎవరి ఖాతాలో రాశారు అన్నదే నా సందేహం.

తమరు నాణేలు కొట్టడం మొదలుపెట్టింది 1854 ఏప్రిల్‌లో. కాలిఫోర్నియాలోని కొలోమాలో సటర్ గారి రంపపు మిల్లు కాలవలో జేమ్స్ మార్షల్ కంటికి బంగారం ఆనింది 1848 జనవరి 24న. ఆ తర్వాత తొమ్మిది రోజులకే, ఫిబ్రవరి 2న, సంగతి తెలియని మెక్సికో ఆ నేలంతా మీ దేశానికి రాసిచ్చేసింది. నేల పుచ్చుకోవడానికి తొమ్మిది రోజులు, నాణెం ఇవ్వడానికి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో లోకం లోకమంతా ఓడలెక్కి వచ్చింది, కొండలు తవ్వింది, నదులు మళ్లించింది, ఊరు కట్టింది, అది తగలబడితే మళ్లీ కట్టింది. తమరొక్కరే రాలేదు. తొందరేముంది లెండి, సర్కారీ ఆఫీసు కదా.

నాణెం లేదు గనుక బంగారు రజనే డబ్బయింది. ప్రతి కొట్లో ఒక త్రాసు, ప్రతి మనిషి మొలలో ఒక తోలు సంచి. సారాకొట్లో గ్లాసు కావాలంటే చిటికెడు రజను. చిటికె ఎవరిదనుకున్నారు? తాగేవాడిది కాదు, పోసేవాడిది. అందుకే అక్కడ ఉద్యోగానికి వచ్చినవాడి బొటనవేలు ముందు చూసేవారని చెబుతారు. వేళ్లు ఎంత లావుంటే జీతానికి అంత యోగ్యుడు. గోరు సందున ఇరుక్కున్నది వాడిది. గల్లాపెట్టె పక్కన రాలినది యజమానిది. రాత్రి కొట్టు కట్టేశాక నేల ఊడ్చి, ఆ దుమ్ము కడిగితే మర్నాటి ఖర్చు వెళ్లిపోయేది. నడుంలోతు చన్నీళ్లలో నిలబడి ఆ రజను తీసినవాడికి మాత్రం ఆ గ్లాసే మిగిలింది.

చట్టం ప్రకారం ఔన్సు శుద్ధ బంగారం వెల 20 డాలర్ల 67 సెంట్లు. కాలిఫోర్నియా రజనులో పదో వంతుకు అటూ ఇటూగా వెండి కలిసి ఉంటుంది. అది తీసేస్తే ఔన్సు రజనుకు న్యాయంగా 18 డాలర్లు రావాలి. గనుల దగ్గర ఇచ్చింది 16. తొలి రోజుల్లో అందులో సగానికి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ‘న్యాయమైన ధర కావాలా? నిక్షేపంగా ఫిలడెల్ఫియా టంకశాలకు పంపుకో’ అనేది ప్రభుత్వం. పంపాలంటే పనామా దాకా ఓడ, అక్కడ అడవిలో పడవా కంచరగాడిదా, అవతలి ఒడ్డున మళ్లీ ఓడ. కిరాయి, బీమా, దళారీ, వడ్డీ అన్నీ పోను నాణెం చేతికొచ్చేసరికి నెలలు గడిచేవి.

పోనీ, ఆ రజనుతోనే బతుకుదామా అంటే, కస్టమ్స్ వారు సుంకం నాణేల్లోనే కట్టమన్నారు. చుట్టూ బంగారం, కట్టడానికి డబ్బు లేదు. దాంతో ఊళ్లో ఎవరి జేబులో ఏ దేశపు నాణెముంటే అదే చెల్లింది. మెక్సికో వెండి, ఫ్రాన్సు ఫ్రాంకులు, ఇంగ్లండు కాసులు, వాటితోబాటు మన దేశపు రూపాయి కూడా. రూపాయి అక్కడ అర డాలరుకు చెల్లిందట. మా తాతముత్తాతలు కంపెనీవాడికి శిస్తు కట్టిన రూపాయే సముద్రాలు దాటి వచ్చి తమరు లేని లోటు తీర్చిందన్నమాట. ఇప్పుడు మారకం రేటు చూసుకున్నప్పుడల్లా ఆ రోజులు తలుచుకుని కాస్త నిట్టూరుస్తాను, ఏమనుకోకండి.

తమరు రాకపోయేసరికి టంకశాలలు వాటంతటవే మొలిచాయి. అప్పటి చట్టంలో ప్రైవేటువాడు బంగారు నాణెం కొట్టుకోవడానికి అడ్డేమీ లేదు. మాఫట్ కంపెనీ కొట్టింది, బాల్డ్విన్ కంపెనీ కొట్టింది, వాస్-మోలిటర్ అనే హంగేరీవాళ్లు కొట్టారు. కొందరివి నిక్కమైన తూకం. కొందరివి చూపులకే. 1851లో జేమ్స్ కింగ్ ఆఫ్ విలియం అనే బ్యాంకరు ఆ నాణేలన్నీ పోగేసి పరీక్షకు ఇస్తే, బాల్డ్విన్ 20 డాలర్ల నాణెంలో 20 డాలర్ల బంగారం లేదని తేలింది. ఊరు గగ్గోలెత్తింది, కంపెనీ మూతపడింది. ఆ నాణేలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల నెత్తిన పడింది ఆ తేడా. ఇదీ తరుగే కదండీ? ఎవరి ఖాతాలో రాశారు?

ఆ పరీక్ష చేసినాయన అగస్టస్ హంబర్ట్. న్యూయార్కులో గడియారాల డబ్బాలు చేసుకునేవాణ్ణి ప్రభుత్వం అస్సేయరుగా, అంటే వన్నె పరీక్షించే అధికారిగా, నియమించి పంపితే 1851లో ఊళ్లో దిగాడు. టంకశాల పెట్టడానికి మనసు రాలేదు గానీ టంకశాల లాంటిది పెట్టడానికి వచ్చింది. ఆ ఆఫీసు కొట్టింది ఎనిమిది మూలల 50 డాలర్ల బిళ్ల. బరువు 85 గ్రాములు. మా లెక్కలో ఏడు తులాల పైమాటే. అది మొలలో దోపుకుని కోడిగుడ్లకు బజారుకెళ్లిన మనిషిని ఊహించుకోండి. చిల్లర నాణేలు కొట్టుకోనివ్వండి మహాప్రభో అని ఆఫీసువారు అడిగితే, వాషింగ్టన్ నుంచి అనుమతి రావడానికి దాదాపు ఏడాది పట్టింది.

అసలు ముచ్చట 1852లో జరిగింది. చట్టం ప్రకారం అమెరికా నాణెంలో వెయ్యింటికి 900 పాళ్లు బంగారం ఉండాలి. హంబర్ట్ గారి బిళ్లల్లో 880, 884, 887 ఇలా ఉండేవి. అది మోసం కాదు. వెండి విడదీసే సరంజామా లేక, వన్నె తక్కువైన మేరకు బరువు పెంచి, విలువ సరిపెట్టేవారు. లెక్క చుక్కకు చుక్క సరిపోయేది. అయినా ఖజానా శాఖవారు, 900 వన్నె లేనిది మాకు చెల్లదు, కస్టమ్స్‌లో తీసుకోవద్దు అని హుకుం జారీ చేశారు. సర్కారు అస్సేయరు, సర్కారు ముద్ర, సర్కారు నాణెం. సర్కారు గల్లాపెట్టె దగ్గర మాత్రం చెల్లని కాసు! గోదావరికీ కృష్ణకూ నడుమ మేమూ చాలా దఫ్తరాలు చూశాం గానీ, ఈ స్థాయి మాకు రావడానికి ఇంకా టైము పడుతుందండీ.

సరే, 1852 జులైలో కాంగ్రెస్ తమ జన్మకు ఆమోదం తెలిపింది. 1853 డిసెంబరు 14న ఆ అస్సే ఆఫీసు మూసేశారు. తమరు తలుపు తీసింది 1854 ఏప్రిల్ 3న. పాతది మూసిన నాడే కొత్తది తెరవాలని ఎవరికీ తోచలేదు. ఆ సందులో ఊరి బ్యాంకర్లు కెల్లాగ్ అనే ఆయన కాళ్లావేళ్లా పడి ప్రైవేటు నాణేలు కొట్టించుకున్నారు. తమ తొలి భవనం కూడా కమర్షియల్ వీధిలో ఆ అస్సే ఆఫీసు నడిపిన పాత కాంట్రాక్టరు దుకాణమే. 60 అడుగుల చదరం. అందులోనే కొలిములు, ఆమ్లం జాడీలు, మరలు, గుమాస్తాలు, వాళ్లందరి ఊపిరి.

లోపల జరిగే తంతు చెప్పుకుందాం, అది చూడముచ్చట. గనివాడు సంచి తెచ్చి కిటికీ దగ్గర పోస్తాడు. నల్ల ఇసుక తీసి తూస్తారు, రసీదు రాస్తారు. మూసలో పోసి వెలిగారం వేసి కరిగిస్తారు. కడ్డీ తీసి మళ్లీ తూస్తే బరువు తగ్గి ఉంటుంది. ఆ తగ్గింది గనివాడిదే. కడ్డీ మూల నుంచి తునక కొట్టి వన్నె చూస్తారు. తర్వాత వెండి వేరు చేయాలి. నైట్రిక్ ఆమ్లం వెండిని కరిగిస్తుంది, బంగారాన్ని ముట్టదు. కానీ వెండి తక్కువగా ఉంటే బంగారం చాటున దాక్కుంటుంది, ఆమ్లానికి అందదు. అందుకని బంగారంలోంచి వెండి తీయడానికి, ముందు దాంట్లో ఇంకా రెండు మూడు రెట్లు వెండి కలుపుతారు! కలిపి, కరిగించి, నీళ్లలోకి వంచితే గులకల్లా విరుగుతుంది. ఆ గులకలను ఆమ్లంలో కాచితే ఎర్రటి పొగలు లేచి వెండి మాయమై, అడుగున ఇటుకపొడిలా గోధుమరంగు మడ్డి మిగులుతుంది. చూస్తే పారబోయాలనిపిస్తుంది. అదే మేలిమి. దాన్ని కడిగి, కరిగించి, పదో వంతు రాగి చేర్చి, రేకు సాగదీసి, బిళ్లలు కోసి, ఒక్కో బిళ్లా తూచి, బరువెక్కువైతే అంచు మీద ఆకురాయి పెట్టి, తక్కువైతే మళ్లీ మూసలో పడేసి, ఆఖరున ముద్ర. పక్కన ‘ఎస్’ అక్షరం. 1853 చట్టం ప్రకారం నూరు డాలర్లకు అర డాలరు మజూరీ. మా ఊరి కొట్లతో పోలిస్తే చవకే, ఆ మాట ఒప్పుకుని తీరాలి.

ఇంత ఏర్పాటు చేశాక, ఆమ్లం అయిపోయి పని కుంటుపడింది. తొలి ఏడాది తమరు కొట్టిన 20 డాలర్ల నాణేలు 1,41,468. అయిదు డాలర్లవి 268. రెండున్నర డాలర్లవి 246. ఊరు ఆరేళ్లుగా ఏడుస్తున్నది చిల్లర కోసమని మరోసారి గుర్తు చేస్తున్నాను. ఆ అయిదు డాలర్ల నాణేల్లో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. దాచుకున్నవాళ్లు కోటీశ్వరులు. తమ కొరత కూడా ఎవరికో ఒకరికి కలిసొస్తుంది.

ఇక పెద్ద తరుగు సంగతి. అగోస్టన్ హరస్తీ అని ఇంకో హంగేరీ దొరవారు తమ దగ్గర కరిగించి శుద్ధి చేసే విభాగానికి అధికారి. కొలిములు రాత్రింబగళ్లు, శక్తికి మించి మండాయి. 1857లో లెక్క చూస్తే 1,51,550 డాలర్ల బంగారం కనబడలేదు. దొంగతనమని అభియోగం మోపారు. ఎక్కడికి పోయిందయ్యా అంటే, పొగగొట్టంలోంచి పోయిందన్నారు. నవ్వబోయిన జనం చుట్టుపక్కల ఇళ్ల కప్పుల మీద మసి తీసి చూస్తే నిజంగానే బంగారపు నలుసులున్నాయి! క్రిమినల్ కేసు కొట్టేశారు. దావా 1861 దాకా నడిచి, జ్యూరీ ఆయన పక్షానే చెప్పింది. ఆయన సొనోమాలో ద్రాక్షతోటలు వేసి కాలిఫోర్నియా వైనుకు పితామహుడనిపించుకున్నాడు. చివరికి 1869లో నికరాగ్వాలో ఏరు దాటబోయి మొసలి పాలయ్యాడంటారు. ఆ మొసలి మీద కేసు పెట్టినట్టు దాఖలా లేదు.

మా పల్లెల్లో నగ చేయించాలంటే నాయనమ్మ కంసాలి కుంపటి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. కన్నార్పేది కాదు. ఆకురాయి పొడి రాలితే కొంగు పట్టేది. పాపం ఆ కంసాలి గురించి మావాళ్లు కట్టిన సామెతలు ఇక్కడ రాయను. తమ లెక్కలు చదివాక ఆయనకు ఊరంతా క్షమాపణ బాకీ అనిపిస్తోంది. వీసమెత్తు తరుగుకు ఆయన తరతరాలుగా దొంగ. లక్షన్నర డాలర్లు పొగగొట్టంలో పోతే మాత్రం అది సాంకేతిక సమస్య. తమ కొలిమి ఎదురుగా పీట వేయడానికి నాయనమ్మ లేకపోవడమే అసలు లోపం. ఆ తర్వాత టంకశాలల్లో నేల ఊడ్చిన దుమ్మునూ చేతులు కడిగిన నీళ్లనూ కూడా వడగట్టి బంగారం రాబట్టారు. ఆవిడ ఈ మాట మొదటి రోజే చెప్పేది, జీతం కూడా అడక్కుండా.

చివరిగా ఒక అర్జీ. 1857 సెప్టెంబరులో ‘సెంట్రల్ అమెరికా’ ఓడ తమ కొత్త 20 డాలర్ల నాణేలనూ బంగారు కడ్డీలనూ మోసుకుని న్యూయార్కు వెళుతూ, కరొలీనా తీరానికి ఎడంగా తుపానులో మునిగింది. 400 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఏళ్ల తరబడి గనుల్లో కూడబెట్టుకున్నది నడుముకు కట్టుకుని ఇంటికి బయలుదేరినవాళ్లూ ఉన్నారు. ఆ బంగారం కోసం ఎదురుచూస్తున్న బ్యాంకులు అప్పటికే ఊగిసలాడుతున్నాయి, ఈ కబురుతో మరింత బెదిరాయి. 1988లో సముద్రం అడుగున ఆ ఓడ దొరికింది. 1857 సంవత్సరం, ‘ఎస్’ ముద్ర ఉన్న 20 డాలర్ల నాణేలు 5 వేలకు పైగా పైకొచ్చాయి, నిన్న కొట్టినట్టు తళతళలాడుతూ. పొగగొట్టంలో పోయింది రాలేదు గానీ సముద్రంలో పోయింది వచ్చింది.

చట్టరీత్యా ఆ నాణెం ఇవాళ్టికీ 20 డాలర్లకు చెల్లుతుందట. అదృష్టం కలిసొచ్చి ఒకటి నా చేతిలో పడితే, ఈసారి ఇండియా నుంచి నగలు తెచ్చుకున్నప్పుడు విమానాశ్రయంలో సుంకం కింద ఇద్దామనుకుంటున్నాను. కస్టమ్స్ వారు పుచ్చుకుంటారా, లేక ముందు వన్నె చూడాలంటారా? వీలు చూసుకుని తెలియజేయగలరు. ఆరేళ్లయినా ఫరవాలేదు.

ఇట్లు
తమ విధేయుడు,
తరుగు కట్టి కట్టి తరిగిపోయిన ఒక తెలుగువాడు