కంపైలర్ తేలేదాకా ట్యాంకు పొర్లనివ్వండి

మా అపార్ట్‌మెంట్ పైన నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే పరికరం చేసిస్తానని అసోసియేషన్ మీటింగులో నేను మాటిచ్చి ఎనిమిది నెలలైంది. ఇంకా రాలేదేమని కొందరు గుసగుసలాడుతున్నారు. మూడో అంతస్తు ఆయనైతే లిఫ్టులో కనబడినప్పుడల్లా "ఏమండీ, మన రాకెట్ ఎప్పుడు లేస్తుంది?" అని పరామర్శిస్తున్నాడు. వాళ్లందరికీ నా సంజాయిషీ ఇదే. పని ఆగలేదు. సి కంపైలర్ ఎంపిక జరుగుతోంది.

ప్రోగ్రామ్ సంగతంటారా, అది పదకొండు లైన్లు. అడుగున ఉన్న తీగకు నీళ్లు తగలకపోతే మోటారు వెయ్యి, పైనున్న తీగకు తగిలితే ఆపు. పది నిమిషాల పని. పది నిమిషాల పనిని ముందే చేసి పారేసేవాడు మేస్త్రీ అవుతాడు గానీ ఇంజనీరు కాడు. ఆ పదకొండు లైన్లను చిప్‌కి అర్థమయ్యే అంకెల్లోకి మార్చిపెట్టే కంపైలర్‌గా ఎవరిని పెట్టుకోవాలన్నదే అసలు ప్రశ్న. దానికి నలభై మూడు నిలువు వరసలతో ఎక్సెల్ షీటు తయారు చేశాను. లోగో రంగుకి కూడా మార్కులున్నాయి.

మొదటి రెండు నెలలూ 8051 అనే చిప్‌కి ఇచ్చాను. ఇంజనీరింగ్ చదివిన తెలుగువాడికి 8051 అంటే గ్రామదేవత. ఏ ఊళ్లో స్థిరపడ్డా మొదటి దణ్ణం అక్కడికే. ఇంటెల్ దీన్ని తెచ్చింది 1980లో. వాళ్లు చేయడం మానేసినా మన ల్యాబులు మాత్రం మానలేదు. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఆ జాతిదే అయిన ఏటీ89ఎస్52 అడిగితే, షాపతను తల కూడా ఎత్తకుండా దాంతోపాటు 11.0592 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్ (చిప్ నడకకి లయ ఇచ్చే ముక్క) కూడా పొట్లం కట్టి ఇచ్చాడు. ఆ వింత అంకె ఎందుకని కాలేజీలో అడిగితే మా మాస్టారు "పరీక్షలో రాదు" అన్నారు. (12తో, 32తో, 3తో వరసగా భాగించండి, సరిగ్గా 9600 వస్తుంది. సీరియల్ పోర్టు మాట్లాడే వేగాల్లో అదొకటి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని నా ట్యాంకుకి అదెందుకో తెలియదు గానీ, కొన్నాను.)

8051కి కంపైలరంటే మనవాళ్లకి గుర్తొచ్చేది కీల్. దాని ట్రయల్ రూపం 2 కిలోబైట్ల కోడు దాకా పనిచేసి, ఆపైన చేతులెత్తేస్తుంది. కీలెరిగి వాత పెట్టడం అంటే ఇదే. నా ప్రోగ్రామ్ 200 బైట్లు కూడా దాటదు. దాటదు గానీ, రేపు పై అంతస్తు లేపి ట్యాంకు పెద్దదైతే? ముందుచూపు అక్కర్లేదా? అందుకని పూర్తి లైసెన్సు వైపు చూశాను. ధర కోసం కొటేషన్ అడగాలట. పట్టుచీరల షాపులో ట్యాగు లేని చీర ధర అడగకూడదని మా ఆవిడ పెళ్లైన కొత్తలోనే నాకు నేర్పింది. ఇంకో దారి కూడా ఉండేది, లైసెన్సు తాళం పగలగొట్టే దొంగ ప్రోగ్రామ్. మా రోజుల్లో హాస్టల్ కుర్రాళ్ల పెన్‌డ్రైవుల్లో తిరిగేది, నొక్కగానే చిన్న సంగీతం కూడా వినిపించేది. ఆ రాగం విన్నవాళ్లు ఇవాళ పెద్ద పెద్ద కంపెనీల్లో లైసెన్సు ఆడిట్లు చేస్తున్నారు, కాబట్టి ఆ దారి గురించి ఇక మాట్లాడను.

తర్వాత ఎస్‌డీసీసీ. సందీప్ దత్తా అనే ఆయన మొదలుపెడితే ఎందరో చేతులు వేసి నిలబెట్టిన ఉచిత కంపైలర్. ఉచితం అనగానే మనకు అనుమానం రావాలి, వచ్చింది. కీల్ కోసం రాసిన కోడు ఇందులో నేరుగా ఎక్కదు. మొదటి పోర్టులో (చిప్ కాళ్ల గుంపునే పోర్టంటారు) మొదటి కాలుకి పేరు పెట్టాలంటే కీల్‌లో పోర్టు పేరు పక్కన టోపీ గుర్తు పెట్టి సున్నా వేస్తారు. అసలు సి భాషలో ఆ టోపీకి అర్థం ఎక్స్‌ఆర్ అనే బిట్ల లెక్క. ఆ సంగతి తెలియకుండానే నాలుగేళ్లు ల్యాబు రికార్డు రాశాను. ఎస్‌డీసీసీ టోపీని ఒప్పుకోదు. ఇలాంటి సొంత మాటలన్నిటికీ నుదుట రెండేసి అండర్‌స్కోర్లు పెట్టుకుని రమ్మంటుంది. విభూతి రేఖలు మూడుండాలి గదా, రెండేమిటి అని మా ఆవిడ అడిగింది. సంప్రదాయ భేదం అన్నాను.

ఒక్కమాట మాత్రం ఒప్పుకోవాలి. 8051కి కంపైలర్ రాసినవాళ్లు ఎవరైనా సరే, వాళ్లకి అమీర్‌పేట హాస్టల్ నడపగల నేర్పు ఉండాలి. ఈ చిప్‌లో స్టాకుకి, అంటే ఫంక్షన్లు తాత్కాలికంగా సరుకు పెట్టుకునే చోటుకి, జాగా బొత్తిగా తక్కువ. అందుకని ఫంక్షన్ల లోపలి వేరియబుల్స్‌ని స్టాకు మీద కాకుండా ర్యామ్‌లో కట్టిన చోట పెడతారు. ఒకేసారి లేవని రెండు ఫంక్షన్లకి ఒకే చోటు ఇస్తారు. డే షిఫ్టువాడు, నైట్ షిఫ్టువాడు ఒకే మంచం పంచుకున్నట్టు. అంతా సాఫీగా నడుస్తుంది, ఒకరోజు డే షిఫ్టువాడు నిద్రలో ఉండగా నైట్ షిఫ్టువాడు ఇంటరప్ట్ (ఉన్న పని ఆపి ముందు నన్ను చూడమనే పిలుపు) రూపంలో తలుపు తట్టేదాకా. అలాంటి ఫంక్షన్‌ని ముందే 'రీఎంట్రంట్' అని ప్రకటించాలని మాన్యువల్లో ఉంది. హాస్టల్లో కూడా రూల్సు గోడకి అంటించే ఉంటాయి.

ఈ లోపల మేనల్లుడు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. వాడు అదే ఫీల్డులో ఉన్నాడు.

"మామయ్యా, ఆర్డుయినోలో పది నిమిషాల్లో అయిపోతుంది కదా."

నేను చాలాసేపు మాట్లాడలేదు. ఇటలీలో ఇవ్రియా అనే ఊళ్లో ఒక బారు పేరు పెట్టుకున్న బోర్డు అది. బారు పేరున్న వస్తువుని దేవుడి గది గోడకి అవతల బిగించడమా? పైగా అందులో నొక్కేది ఒక్క బటనే, ఎంచుకునేది ఏమీ ఉండదు. ఎంపిక లేని చోట ఇంజనీరుకి గౌరవం ఏముంటుంది? లోపలున్నది ఏవీఆర్ జాతి చిప్‌లకి పనిచేసే ఏవీఆర్-జీసీసీ అనే ఉచిత కంపైలరేనని తెలుసుకుని, బోర్డు వదిలేసి కంపైలర్‌ని మాత్రం నేరుగా పరిశీలనకి తీసుకున్నాను. అది నలభై మూడు వరసల్లో ముప్పై ఎనిమిది గెలిచింది. ఇంత తేలిగ్గా గెలిచేదాని మీద నాకు నమ్మకం తక్కువ.

దానికో పరీక్ష పెట్టాను. ట్యాంకులో నీళ్లు ఎంత శాతం ఉన్నాయో దశాంశాలతో సహా చూపించమన్నాను. డిస్‌ప్లే మీద '?' అని వచ్చింది. చిన్న చిప్‌లకి భారమని, దాంతో వచ్చే లైబ్రరీ దశాంశాలు ప్రింట్ చేసే ముక్కని మామూలుగా పక్కన పెట్టేస్తుంది. కావాలంటే మనమే విడిగా లింక్ చేసుకోవాలి. ట్యాంకులో నీళ్లెంత అని అడిగితే ప్రశ్నార్థకం వేసే ఆ నిజాయితీ మా మున్సిపల్ నీళ్ల షెడ్యూల్లో ఉంటే ఎంత బాగుండేది.

పరీక్షలో రెండో ప్రశ్న: మోటారు ఒక్క నిమిషం నడవాలి. నిమిషమంటే 60 గుణించు 1000 మిల్లీసెకండ్లు అని రాశాను. ఈ చిప్‌కి ఇంట్, అంటే మామూలు పూర్ణాంకం, 16 బిట్లు, 32767 దాటితే కొండెక్కేస్తుంది. జవాబు మైనస్ 5536 వచ్చింది. అంటే నా మోటారు వేయకముందే, ఐదున్నర సెకండ్ల కిందటే ఆగిపోయి ఉండాలి. వేదాంతపరంగా నాకిది నచ్చింది. కానీ కింద వాచ్‌మన్ "సార్, నీళ్లు వోతున్నయ్, మోటర్ బంద్ జేశ్న" అని కేకేశాడు. పాపం, అతనికి ఇంట్ సైజుల గురించి తెలియదు.

చిన్న చిప్ అయితే ఎంత చిన్నది అన్న చర్చ ఐదో నెలలో వచ్చింది. ఏటీటైనీ13 అనే ఏవీఆర్ చిప్‌కి ఎనిమిది కాళ్లు, ప్రోగ్రామ్ పెట్టుకోవడానికి 1 కిలోబైటు ఫ్లాష్, 64 బైట్ల ర్యామ్. 64 బైట్లంటే ఎంతో తెలుగువాళ్లకి అర్థమయ్యేలా చెబుతాను. యూనికోడ్‌ని మామూలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా, గుణింతానికైనా, పొల్లుకైనా తలా మూడు బైట్లు. శుభలేఖ పైన వేసుకునే 'శ్రీరస్తు శుభమస్తు' 52 బైట్లలో పడుతుంది. 'అవిఘ్నమస్తు' దగ్గర మాత్రం విఘ్నం. దానికి 33 కావాలి, 12 మిగిలాయి. ఇంతకన్నా చవకవి కూడా ఉన్నాయని మేనల్లుడు ఊరించాడు. పడౌక్ అనే తైవాన్ కంపెనీ చిప్ మూడు అమెరికా సెంట్లకి వచ్చేదట. దాంట్లో ప్రోగ్రామ్ ఒక్కసారే రాయగలం, తాటాకు మీద గంటంతో గీసినట్టు. తప్పు పోతే ఆకు పారేయాల్సిందే. ఆ కంపెనీ ఇచ్చే భాష పేరు మినీ-సి. మినీ మీల్స్‌లో పెరుగు ఉండనట్టు, ఇందులో మామూలు సిలో ఉండేవి చాలా ఉండవు. దీనికీ ఎస్‌డీసీసీయే దిక్కని తెలిసింది. రెండడ్డగీతల సంప్రదాయం మళ్లీ ఎదురొచ్చింది.

పిక్ అనే ఇంకో జాతి చిప్‌ల వైపూ వెళ్లాను. అక్కడ కంపైలర్ ఉచితమే. కోడుని బాగా బిగించి చిన్నది చేసే పై మెట్టు మాత్రం డబ్బు కట్టినవాళ్లకి. బస్సు టికెట్ ఉచితం, సీటుకి ఛార్జీ. ఇక స్వీడన్‌లో ఉప్సాలా నుంచి 1983లో మొదలైన ఐఏఆర్ ఉంది. కార్లకి, ఆస్పత్రి యంత్రాలకి పనికొచ్చే భద్రతా సర్టిఫికెట్లున్న కంపైలర్లు కూడా అమ్ముతారు. మన ట్యాంకుకి అంత అవసరమా అన్నారు ఇంట్లో. ట్యాంకు కింద తడిసిపోయిన లిఫ్టు మోటారు గదిని చూశాక ఆ మాట అనలేదు, వేరే మాటలన్నారు.

ఆరో నెలలో నిజంగానే కోడు రాశాను. క్షణికావేశం. దాంతోపాటు ఒక మహా సత్యం బయటపడింది. మోటారుని వేసి ఆపే స్విచ్చు, అంటే రిలే, టకటకా కొట్టుకోకుండా కాసేపు ఆగాలని ఒక ఖాళీ లూపు పెట్టాను. వెయ్యి సార్లు తిరుగు, ఏమీ చేయకు. కంపైలర్ (పేరు చెప్పను, అది ఇంకా పోటీలో ఉంది) కోడుని బిగించే ఆప్టిమైజేషన్ పెంచగానే ఆ లూపుని చదివి, ఇందులో పనేమీ జరగట్లేదని తేల్చి, మొత్తం లేపేసింది. జీతం తీసుకుంటూ వెయ్యి సార్లు తిరిగి ఏమీ చేయనివాళ్లని ఒక్క బటన్‌తో తీసేసే యంత్రాంగం మన దేశంలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. రిలే మాత్రం కీచురాయిలా మోగింది.

అంతటితో ఆగలేదు. ట్యాంకు నిండిందని ఇంటరప్ట్ వచ్చి ఒక వేరియబుల్‌లో 1 వేస్తుంది, మెయిన్ లూపు దాన్ని చూసి మోటారు ఆపాలి. ఆపలేదు. ఈ వేరియబుల్‌ని ఈ లూపులో ఎవరూ మార్చట్లేదు కదా అనుకుని కంపైలర్ ఒక్కసారి చదివి చేతి దగ్గరుండే రిజిస్టర్‌లో దాచుకుంది. ఇక ర్యామ్ వైపు తిరిగి చూడలేదు. పాత ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగినట్టు. ఆ వేరియబుల్ ముందు 'వోలటైల్' అని రాస్తే ప్రతిసారీ వెళ్లి చూసి వస్తుంది. కోర్టు స్టే లాంటి మాట అది, ఆ సరుకు జోలికి ఆప్టిమైజర్ రాదు. ఇది సి భాషలో ఎప్పటినుంచో ఉన్న రూలు, తప్పు పూర్తిగా నాదే. అందువల్ల నేను చేయవలసింది స్పష్టంగా ఉంది. కంపైలర్ మార్చాను. కొత్తదానికి ఆప్టిమైజ్ చేయడం అంతగా రాదు, కాబట్టి అదే కోడు చక్కగా పనిచేసింది. షీటులో దానికి 'నమ్మకస్తురాలు' అని పది మార్కులు అదనంగా వేశాను.

ఇండస్ట్రీలో రిటైరైన ఒక మిత్రుడికి ఈ షీటు చూపించాను. ఆయన మొదటి పేజీ కూడా పూర్తిగా చదవకుండా, "సొరుగులో ఏ చిప్ ఉంది? దాని కంపెనీవాడు ఏది ఇస్తే దానితో చెయ్యి. ఏ వెర్షనో పెట్టె మూత లోపల పెన్నుతో రాసి పెట్టు, ఐదేళ్ల తర్వాత మార్చాల్సొస్తే అదొక్కటే అక్కరకొస్తుంది" అన్నారు. నలభై మూడు వరసలు కష్టపడి నింపినవాడికి చెప్పే మాటేనా అది? ఆయన సలహాని నలభై నాలుగో వరసగా చేర్చి, అన్నిటికీ సమానంగా ఐదు మార్కులు వేసి, విషయం చల్లార్చాను.

పోయిన శనివారం నేను గుజరాతీ గల్లీ నుంచి తిరిగొచ్చేసరికి మా స్టార్టర్ పక్కన గోడకి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా బిగించి ఉంది. మా ఆవిడా, మూడో అంతస్తు ఆయనా కలిసి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారట. పన్నెండు వందలు, బిగించే కూలితో సహా. ట్యాంకు నిండింది, డబ్బాలో టక్కుమంది, మోటారు ఆగింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి వాచ్‌మన్ పగటిపూట కునుకు తీశాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లోపల ఏ చిప్ ఉందో, దాని కోడు ఏ కంపైలర్‌తో చేశారో తెలియకుండా ఎలా? తెల్లవారుజామున స్క్రూడ్రైవర్, భూతద్దం పట్టుకుని కిందికి దిగాను. మూత తీశాను. ఒక రిలే, రెండు మూడు రెసిస్టర్లు, మధ్యలో ఎనిమిది కాళ్ల చిప్ ఒకటి. గుండె దడదడలాడింది. పేరు గీకేసి ఉంటారనుకున్నాను, లేదు. ఎన్‌ఈ555.

555లో ప్రోగ్రామ్ ఉండదు. ఫ్లాష్ లేదు, ర్యామ్ లేదు, కంపైలర్ ఊసే లేదు. సప్లై వోల్టేజిలో మూడో వంతు దగ్గర ఒక హద్దు, మూడింట రెండొంతుల దగ్గర ఇంకో హద్దు, చివరగా ఏ హద్దు తగిలిందో గుర్తుపెట్టుకునే ఒక్క ఫ్లిప్‌ఫ్లాప్. కింద ఎండితే వెయ్యి, పైన తగిలితే ఆపు. నా పదకొండు లైన్లనీ ఎవరో సిలికాన్‌లో పోతపోసి, సి భాష పుట్టిన ఆ 1972లోనే బజార్లో పెట్టేశారు.

మూత మళ్లీ బిగిస్తుండగా వాచ్‌మన్ లేచి వచ్చాడు. "ఏమైంది సార్, ఖరాబైందా?" అని భయంగా అడిగాడు.

లేదని చెప్పాను. 555కి ఎనిమిది కాళ్లు. ఏటీటైనీ13కీ ఎనిమిదే. కాళ్ల వరస కాస్త మార్చి, సప్లై ఐదు వోల్టులకి దించుకుంటే, అది పీకి ఇది పెట్టేయొచ్చు. ఇక కంపైలర్ ఒక్కటే తేలాలి.