చేతికి నప్పనిది సంచిలో ఎందుకు?

మొన్న సంక్రాంతికి శ్రీకాకుళంలో జరిగిన మన ప్రవాసుల సమ్మేళనం ఫొటోలు ఈ సంచికలో వస్తాయి. శాలువాలు, మెమెంటోలు, అరసవల్లి ప్రసాదం పంచడం అన్నీ ఉంటాయి. ఫొటోల్లోకి రాని సంగతి ఒకటుంది. అది రాయకుండా ఊరుకోలేను.

"అమెరికాలో మన ఆడవాళ్ళ భద్రత" అన్న మాట వచ్చేసరికి, టెక్సాస్ నుంచి వచ్చిన ఒక అన్నయ్య మైకు అందుకున్నారు. పెళ్ళిరోజుకి భార్యకి రివాల్వర్ కొనిచ్చానని చెప్పారు. "చిన్నది, తేలికది. హ్యాండ్‌బ్యాగులో లిప్‌స్టిక్ పక్కన పడి ఉంటుంది. ఆడవాళ్ళకి అది చాలు" అన్నారు. హాలంతా చప్పట్లు. ముందు వరుసలో కూర్చున్న ఆ వదినగారు మాత్రం తల ఎత్తలేదు. వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ, రిటైరైన టీచరుగారు, లేచి అడిగారు: "అది సంచిలోంచి తీసీదాకా దొంగోడు ఊరుకుంటాడేటి బాబూ?" అందరూ నవ్వేశారు. ఇంకో కుర్రాడు "మనకిక్కడ దొరుకుతాదా అండీ?" అంటే, "పలుకుబడి ఉంటే ఎందుకు దొరకదు" అని వేదిక మీంచే జవాబు. ఆ తర్వాత పిల్లల డాన్సు మొదలైంది.

తుపాకి మాట ఎత్తారని కాదు నా బాధ. ఆ పూట అక్కడ అడిగిన వాటిలో అడగాల్సిన ప్రశ్న ఆ టీచరుగారిదే, దాన్ని నవ్వేసి వదిలేశారు. అమెరికాలో రాత్రి పదింటికి ఫార్మసీ మూసి పార్కింగ్ లాట్ దాటి కారెక్కే మనిషిని నేను. టెక్సాస్ లైసెన్స్ తీసుకున్నాను, రివాల్వర్ దగ్గర పెట్టుకుంటాను. కాబట్టి ఆవిడకి జవాబు చెప్పే బాధ్యత నాకుంది.

ముందు ఆ 'చిన్నది, తేలికది' సంగతి చూద్దాం. ఏ షాపుకెళ్ళినా ఆడవాళ్ళకి మొదట చూపించేది ఒకే రకం. అయిదు తూటాలు పట్టే సిలిండర్, రెండంగుళాల లోపు గొట్టం, మొత్తం బరువు 400 గ్రాములకి అటూ ఇటూ. స్మిత్ అండ్ వెసన్ 642, రూగర్ ఎల్‌సీఆర్ ఈ కోవలోవే. మంచి తుపాకులే, పేరున్నవే. మోయడానికి హాయి, పేల్చడానికే నరకం. తూటా వెనక్కి తన్నే దెబ్బని తుపాకి బరువే మింగాలి. బరువు లేకపోతే ఆ దెబ్బంతా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి చోట పడుతుంది. తేలిక కత్తిపీట మీద గుమ్మడికాయ కోయబోతే కాయ తెగదు, పీట జరుగుతుంది. ఇదీ అంతే. పైగా ఈ రకంలో ట్రిగ్గర్ పూర్తిగా లాగడానికి మామూలుగా 10 నుంచి 12 పౌండ్ల బలం కావాలి, అంటే సుమారు అయిదు కిలోలు. 400 గ్రాముల వస్తువు కదలకుండా పట్టుకుని, దాని బరువుకి పది రెట్లకి పైన బలంతో వేలు లాగాలి. చేయి తిరిగిన వాళ్ళకే అది కష్టం. అలాంటిదాన్ని ఎప్పుడూ తుపాకి పట్టని మనిషికి కానుకగా ఇస్తున్నాం.

నేను కొనేముందు రేంజ్‌లో, అంటే తుపాకి కాల్చడం నేర్పే చోట, అద్దెకి తీసుకుని ఒక్కోటీ పేల్చి చూశాను. నేర్పినావిడ మాజీ పోలీసు. తూటా ముట్టుకోనివ్వకుండా, ఖాళీ రివాల్వర్ చేతిలో పెట్టి ఒకటే చూసింది: పిడి అరచేతిలో నిండుగా కూర్చున్నాక, చేయి తిప్పకుండా, చూపుడువేలి చివరి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదకి వస్తోందా, గోరు అంచు మాత్రమే అందుతోందా అని. నా వేళ్ళు పొట్టివి. కొన్నిటికి అందనే లేదు. వాటిని తీసి పక్కన పెట్టేసింది, ధర కూడా చెప్పలేదు. తర్వాత డమ్మీ తూటాలు వేసి, ఎదురు గోడమీద చుక్క చూపించి లాగమంది. గొట్టం కొనమీద గురి చూసే సైట్ వణికితే, ఆ తుపాకి నీ వేలిబలానికి ఎక్కువైనట్టే అంది. ఆ రెండు పరీక్షలూ అయ్యాకే అసలు తూటాలు. తేలికదానితో మొదటి అయిదూ బాగానే పోయాయి. తర్వాత దెబ్బ పడకముందే చేయి బెదిరి కిందకి వాలడం మొదలైంది. అదే స్టీలుతో చేసిన రూగర్ ఎస్‌పీ101 ఇస్తే, సుమారు 700 గ్రాములు, చేయి బెదరలేదు. రబ్బరు పిడి దెబ్బని తీసుకుంది. నేను తీసుకున్నది అదే, సుత్తి (ట్రిగ్గర్ లాగితే తూటా వెనక కొట్టే ముక్క) కొన బయటికి పొడుచుకు రాని మోడల్. కొన ఉంటే తీసేటప్పుడు బట్టలో, చున్నీలో చిక్కుకుంటుంది. అది లేకపోతే భయంలో బొటనవేలితో సుత్తి వెనక్కి లాగి, చిన్న ఒత్తిడికే పేలేలా చేసుకునే ప్రమాదం కూడా ఉండదు.

తూటా సంగతిలో మన మగవాళ్ళకి మాగ్నమ్ అనే బలమైన రకం పేరు వినగానే ఒక మోజు. ఇక్కడ చెప్పే అంకెలు తూటా సైజులు. .357 మాగ్నమ్ తుపాకిలో .38 స్పెషల్ తూటా కూడా వేసుకోవచ్చు, .38 దాంట్లో .357 వేయకూడదు. పొట్టి గొట్టంలోంచి .357 పేలితే ఆ మంట, ఆ చప్పుడు, నాలుగు గోడల మధ్య అయితే పేల్చినవాళ్ళకే కాసేపు ఏమీ వినపడదు. నేను .38 వేస్తాను. వేళ్ళ కీళ్ళు నొప్పులుండే పెద్దవాళ్ళకి .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ ఒకటుంది, దెబ్బ తక్కువ, అదే సైజులో ఆరు పడతాయి. .22 ఇంకా మెత్తన, కానీ ఆ తూటా పేలకుండా మొండికేయడం మిగతావాటికంటే ఎక్కువ.

అసలు రివాల్వరే ఎందుకు? పిస్టల్‌లా తూటా ఎక్కించడానికి పైభాగాన్ని, అంటే స్లైడ్‌ని, వెనక్కి లాగే బలం అక్కర్లేదు. ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ లాగితే తర్వాతది వస్తుంది. ఉన్నవి అయిదే, మళ్ళీ నింపడం నిదానం, సైట్లు చిన్నవి. ఇవి ఒప్పుకోలేని వాళ్ళు చిన్న పిస్టల్ చూసుకోవాలి, తప్పేం లేదు.

ఇప్పుడు టీచరుగారి ప్రశ్న. చీరకి జేబు లేదు. చుడీదార్‌కి ఉన్నా అది ఫోనుకే సరిపోదు. కాబట్టి ఏ తుపాకి అనే ముందు, ఎక్కడ పెట్టుకుంటావు అన్నది తేలాలి. ఒంటిమీద, ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్‌లో, అంటే తుపాకి ఒరలో, ఉంటే అందుతుంది. సంచిలో ఉంటే జిప్పు తీయాలి, చేయి దూర్చాలి, పట్టు దొరకాలి. దొంగ ముందు లాక్కునేది కూడా ఆ సంచినే. తప్పనిసరై సంచిలోనే పెట్టాలంటే దానికి వేరే అర, వేరే హోల్‌స్టర్ ఉండాలి, ఆ సంచి ఒంటి మీంచి దిగకూడదు. లిప్‌స్టిక్, తాళాలు, చిల్లర పక్కన ఎన్నడూ కాదు. ట్రిగ్గర్‌కి ఏది తగులుకుంటుందో ఎవరు చెప్పగలరు?

2014 డిసెంబరులో ఐడహోలోని హేడెన్‌లో ఒక తల్లి పిల్లలతో షాపింగ్‌కి వెళ్ళింది. తుపాకి పెట్టుకోవడానికి ప్రత్యేకంగా జిప్పు అర ఉన్న సంచి అది, భర్త ఇచ్చిన క్రిస్మస్ కానుక. లైసెన్సున్న మనిషి, చిన్నప్పటి నుంచీ తుపాకి అలవాటున్న మనిషి. షాపింగ్ కార్టులో కూర్చున్న రెండేళ్ళ కొడుకు ఆ జిప్పు తీశాడు. ఆమె అక్కడే చనిపోయింది. అది పిస్టల్, రివాల్వర్‌కైతే ట్రిగ్గర్ గట్టి కదా అంటారేమో. పిల్లలు రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కగలరు. ఆ గట్టితనాన్ని నమ్ముకుని పసిబిడ్డ పక్కన సంచి పెట్టకండి.

మన వైపు తుపాకులు లేవు, ఇదంతా అమెరికా గొడవ అంటారు కొందరు. మా మేనమామకి చీపురుపల్లి దగ్గర రైస్ మిల్లు ఉండేది. ధాన్యం డబ్బు పట్టుకుని రాత్రిళ్ళు తిరిగేవాడు కాబట్టి .32 రివాల్వర్‌కి లైసెన్సు వచ్చింది. దసరా ఆయుధపూజకి అది కొడవలి, కుట్టుమిషను, స్కూటరు తాళం పక్కన పీట మీద కూర్చునేది. అత్త దానికి పసుపు బొట్టు పెట్టేది, పూజవగానే మావయ్య తడి గుడ్డతో ఒకసారి, నూనె గుడ్డతో ఒకసారి తుడిచేవాడు. ఒక ఏడు తుడవడం ఆలస్యమై, ఆ నల్లటి మెరుపు మీద పావలా అంత గోధుమరంగు మచ్చ పడిపోయింది. ఎన్ని రుద్దినా పోలేదు. బీరువా తాళం మాత్రం ఎప్పుడూ అత్త కొంగునే. మావయ్యకి అది కావాలంటే అత్తని అడగాలి, ఆవిడ 'ఎందుకు' అనేది, ఆయన చెప్పాలి. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. ఆ ఇంట్లో ఆయుధానికి మర్యాద ఉండేది, అడ్డూ ఉండేది.

కానీ పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి కూడా దాన్ని తీసి చూపించేవారు, వాళ్ళు చూడగానే ఇంటి పరపతి పెరిగినట్టు. మన జిల్లాల్లో తుపాకి ఎన్నాళ్ళుగానో పరపతి గుర్తే. శ్రీకాకుళం గిరిజన పోరాటం రోజుల్లో, 1967 అక్టోబర్ 31న లేవిడి ఊరి దగ్గర, సభకి నడిచి వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. ఆ గిరిజనుల్లో కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత ఈ నేల ఎంత రక్తం చూసిందో మన పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. అలాంటి చోట నిలబడి 'పలుకుబడి ఉంటే దొరుకుతుంది' అని కుర్రాళ్ళకి చెప్పడం నన్ను కోసేసింది. దొరకాల్సిన దారి వేరే ఉంది. కలెక్టరుకి దరఖాస్తు, పోలీసు విచారణ, 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం శిక్షణ సర్టిఫికెట్. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకి మించకూడదు. కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధాల ఫ్యాక్టరీ 2014లో 'నిర్భీక్' అని ఆడవాళ్ళ కోసమంటూ అర కిలో రివాల్వర్ తెచ్చింది, అప్పట్లో ధర లక్షా ఇరవై వేల పైమాటే. అక్కడా అదే మాట: చిన్నది, తేలికది. ఇంకో సంగతి. అమెరికా నుంచి వచ్చేటప్పుడు రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగుని సామానుకి వాడకండి. మూలన మిగిలిపోయిన ఒక్క తూటా చాలు, ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు పెట్టడానికి.

అమెరికాలో చట్టం సంగతి మన సభల్లో ఎవరూ ఎత్తరు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్యాస్ స్టేషన్లో రాత్రి డ్యూటీ చేసే మన పిల్లలే అందరికంటే ప్రమాదంలో ఉన్నారు, రివాల్వర్ వాళ్ళకి దారే కాదు. భర్త సిటిజన్, భార్య వీసా మీద ఉంటే, ఆమె చేతికందేలా సొరుగులో పెట్టడం కూడా ఆమెకి ముప్పే. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు చాలామందికి తుపాకి వెంట పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, నిజమే. కానీ స్కూలు భవనంలోకి తీసుకెళ్ళడం లైసెన్సున్నా నేరమే. మన ఉగాదులు, దీపావళులు ఎక్కడ చేస్తున్నాం? హైస్కూల్ ఆడిటోరియంలలో. లిప్‌స్టిక్ పక్కన రివాల్వర్ ఉన్న ఆ హ్యాండ్‌బ్యాగు ఉగాది పచ్చడి వరుసలో నిలబడితే, ఆ వదినగారికి తెలియకుండానే ఆవిడ మీద కేసు సిద్ధం.

తుపాకి వద్దనేవాళ్ళ మాటా నేను వింటాను. అమెరికాలో తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గర పడి, టెన్షన్‌తో నిద్రలేని ఇళ్ళు మనలో ఎన్ని ఉన్నాయో మనకి తెలుసు. ఆ ఇంట్లోకి తుపాకి రాకూడదు, ఉంటే కొన్నాళ్ళు బయట పెట్టించాలి. బంగారం కోసం మన ఇళ్ళు దోచేవాళ్ళు ఎక్కువగా ఇంట్లో ఎవరూ లేనప్పుడే వస్తారు. సొరుగులో రివాల్వర్ ఉంటే బంగారంతో పాటు అదీ పోతుంది. అయినా రాత్రిపూట ఒంటరిగా దుకాణం మూసే ఆడమనిషికి 'మన సంస్కృతి కాదు' అని చెప్పి పంపేయడం నాకు చేతకాదు. కొనాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఏది కొనాలన్నదీ ఆమె చేతి నిర్ణయమే, భర్తది కాదు.

అన్నయ్యలకి నా విన్నపం. కానుక ఇవ్వాలనుకుంటే తుపాకి ఇవ్వకండి. రేంజ్‌లో శిక్షణకి డబ్బు కట్టండి, ఆమెతో వెళ్ళండి, ఆమె పరీక్షించుకునేటప్పుడు నోరు మెదపకండి. ఆమె వద్దంటే అక్కడితో వదిలేయండి. తీసుకుంటే, కొన్నరోజే గోడకి బిగించే చిన్న లాకర్ కొనండి. మా అత్త కొంగు తాళంలా ఆ తాళం మీద ఆమె అదుపు ఉండాలి.

కార్యవర్గానికి రెండు అడుగుతున్నాను. వచ్చే ఏడు మహిళా విభాగం కార్యక్రమంలో వంటల పోటీ పక్కన ఒక పూట లైసెన్సున్న మహిళా శిక్షకురాలిని పిలవండి. తూటాలు లేకుండా, మగవాళ్ళ ప్రసంగాలు లేకుండా. అవసరం అనుకున్నవాళ్ళు చేతిలో పట్టుకుని చూస్తారు, అడగాల్సినవి అడుగుతారు. రెండోది ఈ ఉగాదికే కావాలి. ఆహ్వానపత్రికలో 'పార్కింగ్ వెనక వైపు' అని వేసే చోటే ఇంకో వాక్యం వేయండి: ఇది స్కూలు భవనం, లైసెన్సు ఉన్నా లేకున్నా తుపాకి లోపలికి తేకూడదు. ప్రూఫు నాకు పంపితే నేను చూసి పెడతాను.