అవార్డు వచ్చిందట, ఎందుకొచ్చిందో?

ఏటా మే నెల దాటగానే, అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ పత్రికలో, చదువుల్లో అవార్డులు తెచ్చుకున్న పిల్లల ఫోటోల పేజీ వస్తుంది. గౌను, నల్లటోపీ, పక్కన అమ్మానాన్న. కింద రెండు లైన్లలో పేరు, తల్లిదండ్రుల ఊరు, యూనివర్సిటీ, వచ్చిన అవార్డు. ఈసారి ఆ పేజీలో ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను. ఆ అమ్మాయి వాళ్ళది ఒడిశాలోని పర్లాకిమిడి. కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్‌లో, అంటే మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో చదివే చోట, పీహెచ్‌డీ చేస్తోంది. 'టాప్ స్టూడెంట్ పేపర్ అవార్డు' అని వేశారు. ఆ పేపరు దేని మీద రాసిందో మాత్రం వెయ్యలేదు.

నాదీ ఒడిశానే, బరంపురం. అక్కడి యూనివర్సిటీ ఉండే భంజబిహార్‌లో జర్నలిజం ఎం.ఏ. చేసి, ఇక్కడికొచ్చి అదే దారిలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు ఆ పాఠాలే చెప్పుకుని బతుకుతున్నాను. అందుకే ఈ సణుగుడు. డాక్టరు సీటో, ఇంజనీరింగ్ ర్యాంకో అయితే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా సబ్జెక్టుకు ఆ అదృష్టం లేదు. నేను చేరిన కొత్తలో మా వీధిలో అందరూ ఒకటే ప్రశ్న వేశారు: "అయితే టీవీలో కనిపిస్తావా?" కనిపించనని తెలిశాక ఆసక్తి పోయింది. మా జూనియర్ ఒకడికి నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకు ఇచ్చే ఫెలోషిప్పు) వచ్చినప్పుడు మాత్రం వీధి వీధంతా మెచ్చుకుంది. అది ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు. ఆ అంకె ఏ భాషలో చెప్పినా అర్థమవుతుంది.

ఇక్కడి కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంట్లు చాలావరకు జర్నలిజం నుంచి పుట్టినవి కావు. 1914లో 17 మంది ఉపన్యాస కళ నేర్పే మాస్టర్లు ఇంగ్లీషు టీచర్ల సంఘంతో విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి నేటి నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్ అయింది. ఇప్పటికీ ఈ డిపార్ట్‌మెంట్లలో పీహెచ్‌డీ పిల్లలు ఫీజు లేకుండా చదవాలంటే చాలాచోట్ల చెయ్యాల్సిన పని, మొదటి ఏడాది పిల్లలకు పబ్లిక్ స్పీకింగ్ నేర్పడం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సినిమాల్లో హిందీ వింటూ పెరిగిన మన పిల్ల, పుట్టిందగ్గర్నుంచీ ఇంగ్లీషే మాట్లాడే 20 మందికి నలుగురిలో నిలబడి మాట్లాడటం నేర్పుతుంది. మొదటి సెమిస్టరులో ఆ టెన్షన్ ఏమిటో పడినవాళ్ళకే తెలుసు. నా క్లాసులో మొదటి రోజు ఒక కుర్రాడు చెయ్యెత్తి, మళ్ళీ చెప్పమన్నాడు. మూడోసారి చెప్పాక బోర్డు మీద రాశాను. అలాంటి క్లాసు నడిపినవాళ్ళకు ఏడాది చివర బోధనకని ఒక అవార్డు ఇస్తారు. ఆ అవార్డు ఇంటికి తెస్తే మనవాళ్ళు, "ఓహో, ట్యూషన్ చెప్పినందుకా?" అంటారు.

ఇక టాప్ పేపర్ సంగతి. పరిశోధకుల సభలకు విద్యార్థులు తమ పరిశోధన వ్యాసాలు పంపుతారు. రాసినవాళ్ళ పేరు తీసేసి ఇద్దరు ముగ్గురికి చదవడానికి ఇస్తారు. వాళ్ళు మార్కులు వేస్తారు. ఒక్కో విభాగంలో పైన నిలిచినదానికి ఈ పేరు దక్కుతుంది. వచ్చేది ఒక సర్టిఫికెట్టు, ఒక్కోసారి చిన్న చెక్కు. విమానం టికెట్టుకు కూడా సరిపోదు. కానీ ఉద్యోగాలకు అప్లై చేసేటప్పుడు ఆ ఒక్క లైనుకు విలువుంటుంది. 2017లో నాకూ ఒకటి వచ్చింది. గొప్ప చెప్పుకోవడానికి కాదు గానీ, అది రాకపోతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

ఆ పేపరులో నేను రాసింది బరంపురంలో ఇళ్ళల్లో కూర్చుని అప్పడాలు ఒత్తే ఆడవాళ్ళ గురించి. మా మేనత్త వాళ్ళలో ఒకరు. షావుకారు ఎన్ని కట్టలు కావాలో ఒడియాలో వాట్సాప్ వాయిస్ మెసేజ్ పెడతాడు. అత్త మినప పిండి చేత్తోనే ఫోను పట్టుకుని తెలుగులో, మధ్యలో ఒడియా కలుపుతూ, జవాబు పెడుతుంది. ఆవిడ ఫోను తెర మీద ఎప్పుడు చూసినా తెల్లటి వేలిముద్ర ఉంటుంది. ఎవరి భాష వాళ్ళు మాట్లాడుకుంటూ వ్యాపారం ఎలా నడుపుకుంటారన్నది నా వ్యాసం. మెసేజ్‌లు విని, రాసుకుని, ఎక్కడ ఆగారో, ఎక్కడ దగ్గారో కూడా గుర్తులు పెట్టి, ఇంగ్లీషులో 30 పేజీలు నింపాను. యూనివర్సిటీ నియమం ప్రకారం తెలుగులో అంగీకార పత్రం చదివి వినిపించాను, అత్త సంతకం పెట్టింది. గోప్యత కోసం వ్యాసంలో పేరు మార్చాను. ఆ నియమాలన్నీ మనుషుల మీద పరిశోధన చేసేటప్పుడు వాళ్ళకు గౌరవం దక్కాలని పెట్టినవే. వాటి వెనకున్న బెల్మాంట్ రిపోర్టు, అమెరికా ప్రభుత్వం వేసిన సంఘం ఇచ్చినది, 1979 నాటిది. పని మొదలుపెట్టే ముందు ఎన్ని కాగితాలు కావాలో! పని అయ్యాక, అందులో ఏం రాశామో వాళ్ళకు చెప్పి తీరాలని నన్ను ఎవరూ అడగలేదు.

అవార్డు వచ్చాక ఊరెళ్ళాను. అమ్మ స్వీట్లు పంచింది. అత్త మాత్రం పీట మీంచి లేవకుండానే అడిగింది: "అయితే నా గురించి ఏటి రాసినావురా?"

చెప్పబోయాను. నోరు పెగల్లేదు. ఇంగ్లీషులో అరగంట దంచిన ముక్క తెలుగులో మూడు వాక్యాలు రాలేదు. "బాగానే రాశానత్తా" అన్నాను. "నా పేరు తీసేసి ఇంకెవరిదో పెట్టినావట కదా" అని, మళ్ళీ అప్పడాల కర్ర అందుకుంది. అదీ నా సన్మానం.

ఇలా రాస్తుంటే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? ఆయన వ్యావహారిక భాషోద్యమం గురించి మన సంఘాల్లో ఆగస్టు 29న ప్రతి ఏడూ చెప్పుకుంటాం. సవరలనే గిరిజనుల భాష మీద చేసిన పని గురించి అంతగా చెప్పుకోం. అక్కడ మాస్టరుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. అయితే ఆయన చేసిన వరస చూడండి. ముందు సవర పిల్లల కోసం వాచకాలు, పాటలు, కథలు తయారుచేశారు. పండితులకు పనికొచ్చే సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. బిరుదులు రాలేదని కాదు. 1913లో రావు సాహెబ్ బిరుదు, 1934లో కైజర్-ఎ-హింద్ పతకం వచ్చాయి. కానీ ఎవరి మాటలు సేకరించారో వాళ్ళ చేతికే పుస్తకం ముందు వెళ్ళింది. మేము చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. పండితులకు ముందు, మనుషులకు ఎప్పటికో. చాలాసార్లు ఎప్పటికీ కాదు.

ఆయనంతటివాళ్ళతో పోలికేమిటని ఎవరైనా అంటే నేనేం వాదించను. సిగ్గుపడటానికైనా పెద్దవాళ్ళు పనికొస్తారు.

పోయిన చలికాలం, ఆలస్యంగానైనా, ఆ వ్యాసాన్ని తెలుగులో చెప్పి తొమ్మిది నిమిషాల వాయిస్ మెసేజ్‌గా అత్తకు పంపాను. మూడుసార్లు రికార్డు చేసి చెరిపాను. 'డేటా' అనే చోట 'మీ మాటలు' అన్నాను. 'కోడ్ స్విచింగ్' అనే చోట ఏమనాలో తోచక, "తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగిస్తావు చూడు, అది" అన్నాను. ఒడియా ధారాళంగా రాని ఆడవాళ్ళు అర్థం చేసుకోవడం వరకే నేర్చుకుని, జవాబు తమకు వచ్చిన భాషలో ఇస్తారని నేను తేల్చింది కూడా చెప్పాను. వ్యాసం చదివినవాళ్ళు మెచ్చుకున్నది ఆ ముక్కనే.

మర్నాడు జవాబు వచ్చింది.

"బాగా సెప్పినావు గానీ ఒకటి తప్పురా. నాకు ఒడియా రాదని ఎవడన్నాడు నీకు? ఈ ఊళ్ళోనే పుట్టినాను. షావుకారు ధర తగ్గించమన్నప్పుడే నాను తెలుగులో మాటాడతాను. ఆడికి సగం అర్థమవుతాది, సగం అవ్వదు. మళ్ళీ అడగడానికి ఆడికి మొహమాటం. ధర అక్కడే ఆగిపోద్ది."

పాత రికార్డింగులు తీసి మళ్ళీ విన్నాను. నిజమే. కట్టల లెక్క, ఎప్పుడు పంపాలి, వానొచ్చి ఎండలేదు, ఇలాంటివన్నీ ఒడియా కలిపే మాట్లాడింది. రూపాయి మాట వచ్చిన చోట మాత్రం అచ్చ తెలుగు, అదీ గబగబా. ఇన్నేళ్ళూ నా చెవుల ముందే ఉంది. ముగ్గురు పండితులు మార్కులు వేసిన వ్యాసంలో పెద్ద తప్పు పట్టింది, బడిలో నాలుగో తరగతి దాటని మా అత్త. ఎవరి గురించి రాశామో వాళ్ళకే చూపించి సరిచూసుకోవాలని మా వాళ్ళు అంటారు, పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంటుంది. నేను చెయ్యలేదు, అంతే. చేసి ఉంటే అవార్డు రాకపోయేదేమో, ఎవరికి తెలుసు? కానీ వ్యాసం సరిగ్గా ఉండేది.

అందుకే పర్లాకిమిడి అమ్మాయి ఫోటో దగ్గర ఆగిపోయాను. తను ఎవరి మాటలు విన్నదో, ఏం కనిపెట్టిందో తెలుసుకోవాలని ఉంది. సవరల మధ్య రేడియోనా, పర్లాకిమిడి బజారా, లేక ఇక్కడి అమెరికా వాళ్ళేనా? వాళ్ళయినా తప్పు లేదు. మన పిల్లలు మన ఊళ్ళ గురించే రాయాలని నేననను. అయితే తను దాన్ని తెలుగులో నాలుగు ముక్కల్లో చెప్పడానికి మన పత్రికే చోటివ్వకపోతే ఇంకెవరిస్తారు? తెలుగు రాయడం రాకపోతే ఫోనులో చెప్పమనండి, విని రాసుకోవడానికి మనలో రిటైరైన మాస్టర్లు ఎంతమంది లేరు!

సంపాదకులకు ఇదే విన్నపం ఇప్పటికి రెండుసార్లు చేశాను. పిల్లల వివరాలకు పంపే ఫారంలో అయిదు గడులున్నాయి. ఆరో గడి ఒకటి పెట్టండి: 'ఏం కనిపెట్టారు? మీ అమ్మమ్మకు చెప్పినట్టు రాయండి.' చోటు చాలదన్నారు. ఫోటో ఒక అంగుళం తగ్గిస్తే నాలుగు లైన్లు పడతాయి, కొలిచి చూశాను.