టన్నుల లెక్క సరే, ఫ్యాక్టరీ పక్కింటి వాళ్ళ సంగతేంటి

కాలిఫోర్నియాలో కార్బన్ మార్కెట్ (రాష్ట్రం మొత్తం పొగకి ఒక పరిమితి పెట్టి, ఆ మేరకు టన్నుల లెక్కన పర్మిట్లు కంపెనీలు కొనుక్కునే, అమ్ముకునే పద్ధతి) సక్సెస్ అయింది, మనమూ అదే పట్టుకుంటే చాలు అని మీ ఆర్టికల్‌లో రాశారు కదా, రాష్ట్రం మొత్తం లెక్క చూస్తే కరెక్టే కానీ ఫ్యాక్టరీ పక్కన ఇల్లున్న వాళ్ళ లెక్క అందులో కనపడదండి. లారా కుషింగ్ అనే ప్రొఫెసర్, ఇంకొందరు రిసెర్చర్లు కలిసి 2018లో పబ్లిష్ చేసిన స్టడీ చూడండి, 2013లో ట్రేడింగ్ మొదలయ్యాక తొలి మూడేళ్ళలో ఆ స్కీమ్ కిందున్న ఫ్యాక్టరీల్లో 52 శాతం చోట్ల గ్రీన్‌హౌస్ గ్యాసులు తగ్గకపోగా పెరిగాయి. ఎందుకంటే కంపెనీ తన దగ్గరే తగ్గించాలని రూల్ లేదు, పర్మిట్లు కొనుక్కోవచ్చు, కొంత వాటా వేరే రాష్ట్రంలో అడవికి డబ్బులిచ్చి కూడా చూపించుకోవచ్చు. భూమికి టన్ను ఎక్కడ తగ్గినా ఒకటే, నిజమే, కానీ చిమ్నీలోంచి కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే రాదుగా, దాంతోపాటే సన్నటి దుమ్ము, బెంజీన్ లాంటివీ వస్తాయి, అవి పీల్చేది రిచ్‌మండ్, విల్మింగ్టన్ లాంటి రిఫైనరీ ఏరియాల జనం, ఎక్కువగా లాటినో, నల్లజాతి కుటుంబాలు. తర్వాత కొందరు ఎకనమిస్టులు చేసిన స్టడీలో ఇలాంటి ఏరియాలకీ మిగతా ఏరియాలకీ మధ్య కాలుష్యంలో ఉన్న తేడా తగ్గిందనే వచ్చింది, అదీ చెప్పాలి. అయినా 2017లో స్కీమ్‌ని పొడిగించినప్పుడు ఆ కాలనీల్లో గాలి కొలవడానికి ఏబీ 617 అని విడిగా చట్టం తేవాల్సి వచ్చిందంటే వాళ్ళ బాధ ఉత్తిది కాదు.

మన దేశంలో 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ నోటిఫై చేశారు, దాని కిందకి సిమెంటు ఫ్యాక్టరీలూ వస్తాయి, టార్గెట్టేమో టన్ను సరుక్కి ఎంత పొగ అనే లెక్కలో, అంటే ఉత్పత్తి పెరిగితే మొత్తం పొగ పెరిగినా టార్గెట్ కొట్టినట్టే. సిమెంటు ఫ్యాక్టరీలున్న తాండూరు, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళలో దుమ్ము కొలిచే మీటర్లు పెట్టి ఆ రీడింగులు జనానికి తెలుగులో చూపించమని మీ ఆర్టికల్‌లో ఒక్క లైనైనా అడిగుండాల్సింది.