బడి గడప దాకా చేరేదెంత?

మూడేళ్ల క్రితం మన తెలుగు సంఘం తరఫున చెన్నైలోని ఒక కార్పొరేషన్ బడికి నాలుగు ఫ్యాన్లు ఇచ్చాము. మొన్న జూన్‌లో నోటు పుస్తకాలు పంచడానికి వెళ్ళినప్పుడు, ఆ నాలుగూ ప్రధానోపాధ్యాయురాలి గదిలో బీరువా మీద, విప్పని అట్టపెట్టెల్లోనే కనిపించాయి. వైరింగుకు అనుమతి కోరుతూ ఆమె రాసిన ఉత్తరాల నకళ్ళు ఫైలు నిండా ఉన్నాయి; జవాబు ఒక్కటీ లేదు.

వర్ధమాన దేశాల్లో చదువుకు డబ్బు కొరత ఉన్న మాట నిజమే. కానీ కేటాయించిన డబ్బు ఏ దారిన పోతున్నదో పదిమందికీ కనబడకపోవడం అంతకన్నా పెద్ద లోటని నా నమ్మకం. ఉగాండాలో 1991–95 మధ్య ప్రాథమిక పాఠశాలలకు ప్రభుత్వం పిల్లల సంఖ్యను బట్టి విడుదల చేసిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడులకు చేరిందని సర్వేలో తేలింది. ఏ జిల్లాకు ఎంత పంపారో పత్రికల్లో ప్రకటించి, వచ్చిన మొత్తాన్ని బడిలోనే అందరికీ కనబడేలా రాయించడం మొదలుపెట్టాక, 2001 నాటికి 80 శాతానికి పైగా చేరసాగింది. అదే కాలంలో ఇతర సంస్కరణలూ జరిగాయి కనుక ఘనతంతా ప్రకటనలకే కట్టబెట్టలేము గానీ, వాటి పాత్రను కాదనలేము.

మనం ఉంటున్న ఊరి అనుభవమూ ఇదే చెబుతుంది. మద్రాసు కార్పొరేషన్‌కు మన పిట్టి త్యాగరాయ శెట్టి గారు అధ్యక్షులుగా ఉండగా, 1920లో, థౌజండ్ లైట్స్ పేటలోని బడి పిల్లలకు తలకు అణా మించని ఖర్చుతో పగటి భోజనం పెట్టాలని తీర్మానించారు. 1956లో కామరాజ్, 1982లో ఎం.జి.ఆర్. ఆ ఆలోచనను రాష్ట్రమంతటికీ విస్తరించారు; 2022లో ఉదయపు ఫలహారమూ చేరింది. పార్టీలు మారినా ఈ పథకం నిలబడడానికి ఒక కారణం, కంచంలో అన్నం పడకపోతే ఆ సాయంత్రానికే తల్లికి తెలిసిపోవడం. లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా ఉన్న సంగతి మాత్రం ఆమెకు పరీక్షలయ్యేదాకా తెలియదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ సంఘంలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు కావాలి. మనం ఫ్యాన్లు ఇచ్చిన బడిలో, కట్టడపు పనులకు వచ్చిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో ఉన్నారు. వారి తల్లులు ఆ నిర్వహణ సంఘం సమావేశాల్లో తమిళం చదవలేక, చూపిన చోట వేలిముద్ర వేసి వస్తున్నారు. తమిళం చదవగలిగి, పద్దులు చూడగలిగిన వారు మన తెలుగు సంఘంలో కనీసం ఇరవై మంది ఉంటారు. ఈసారి పుస్తకాలతోపాటు వారిలో ఇద్దరు ఆ సమావేశానికి వెళ్ళి తల్లుల పక్కన కూర్చోవాలి. ఫ్యాన్ల ఉత్తరం ఏ బల్ల మీద ఆగిందన్నదే మొదటి ప్రశ్న కావాలి.