జర్మన్ నేర్పుతున్నాం, కోయ ఎందుకు నేర్పం?

లంబాడా పెద్దావిడకు బీపీ చూడాలి. మోచేతి పైదాకా తెల్లగాజులు. బీపీ పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి, అక్కడ చోటే లేదు. సిస్టర్ గాజులు తీయమంటుంది. ఆవిడ తీయదు. భర్త ఉండగా ఆ గాజులు తీయడమంటే ఏమిటో తండాలో చిన్నపిల్లకు కూడా తెలుసు. కేస్ షీట్‌లో 'సహకరించడం లేదు' అని పడుతుంది. లేదంటే గాజుల మీదే పట్టీ చుట్టి, వచ్చిన అంకె రాసేస్తారు. మందు మోతాదు ఆ అంకెను బట్టే మారుతుంది.

దీనికి ఉపాయం లేకపోలేదు. సరిపడే సైజు పట్టీని ముంజేతికి చుట్టి, చేతిని గుండె ఎత్తులో ఉంచి, మణికట్టు దగ్గర నాడి మీద స్టెతస్కోప్ పెట్టి చూడొచ్చు. అయితే ముంజేతి రీడింగ్ సాధారణంగా కాస్త ఎక్కువ వస్తుంది. పక్కన 'ముంజేయి' అని రాయాలి, ప్రతి షిఫ్టులోనూ అక్కడే చూడాలి. రాయకపోతే నైట్ డ్యూటీ సిస్టర్ గాజులు ఎలాగో పైకి తోసి జబ్బకు కడుతుంది, బీపీ పడిపోయిందని డాక్టర్‌ను లేపుతుంది.

ఇదే సిస్టర్‌ను ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర చూడండి. మంగళసూత్రం గురించి ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేయిస్తుంది, బంగారం అత్త చేతికి ఇప్పిస్తుంది. డయాథర్మీతో (కరెంటుతో కోసే పరికరం) కాలుతుందన్న భయం లేదు, పేషెంట్ మనసూ నొచ్చుకోదు. మన ఆచారమైతే దారి క్షణంలో దొరికింది. తండా ఆచారమైతే అది మొండితనమైంది!

అమెరికా నర్సు మడెలీన్ లైనింగర్ 1950లలోనే రోగి ఆచారాన్ని బట్టి సేవ చేయాలన్న ఈ విషయాన్ని ఒక శాస్త్రంగా చెప్పడం మొదలుపెట్టింది. మనవాళ్లకు ఆమె పేరు పరీక్ష దాకే.

రంజాన్ నెలలో సుగర్ పేషెంట్‌కు 'రోజా ఉండొద్దు' అని ఒక్క మాట చెప్పి పంపేస్తాం. ఆయన ఉంటాడు, మనకు చెప్పడు. సహర్‌లో, అంటే తెల్లవారుజాము భోజనంతో, సుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర పూర్తి మోతాదు వేసుకుని మధ్యాహ్నానికి చెమటలు పట్టి పడిపోతాడు. 'ఉంటున్నారా?' అని ముందే అడిగితే డాక్టర్ ఆ మాత్రను ఇఫ్తార్‌కు మారుస్తారు. వేలు గుచ్చి సుగర్ చూసుకుంటే రోజా పోదని, 70 కన్నా తగ్గినా 300 దాటినా విరమించాల్సిందేనని చెప్పొచ్చు.

మనుషులే చాలనప్పుడు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయంటారు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. అలా ఎక్కడుందన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ అడ్మిషన్‌లో రోగి ఆచారం ఏమిటో అడగడానికి పట్టేది అరనిమిషం. అడగనందుకు, పడిపోయినవాళ్ల సెలైన్ స్టాండు చుట్టూ గంటలు పోతున్నాయి.

అసలు కొరత భాషది. జర్మనీ వెళ్లే నర్సులకు విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నెలల తరబడి జర్మన్ శిక్షణ ఇప్పిస్తున్నాం. మంచిదే, అక్కడి ముసలాయన బాధ ఆయన మాటల్లోనే వినాలి కదా. మరి ములుగు జిల్లా తాడ్వాయి అడవి నుంచి వచ్చిన గుత్తికోయ తెగ తల్లి సంగతో? ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలని ఆమెకు తెలుగులో చెప్పి 'అర్థమైందా?' అంటాం. తల ఊపుతుంది. ఇంటికెళ్లి గ్లాసు నీళ్లలో కలిపి పడితే ఉప్పు ఎక్కువై బిడ్డ ప్రాణం మీదికొస్తుంది. 'ఎట్ల కలుపుతవో చూపియ్యి' అని సీసా చేతికివ్వాలి, అదీ ఆమె భాషలో.

మేడారం జాతరకు కోయ పూజారులు కావాలి, ఆస్పత్రికి కోయ మాట అక్కర్లేదు. కోయ, గోండి, లంబాడీ రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా ఎనిమిదో షెడ్యూల్‌లో లేవు సరే, వార్డు గోడ మీద రాయడానికి ఢిల్లీ అనుమతి కావాలా? నలభై వాక్యాలు చాలు: నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, మూత్రం వచ్చిందా, ఏం తిన్నావు, ఈ మాత్ర పొద్దున ఒకటి. ములుగు జిల్లాలో కోయ ఇంటిభాషగా ఉన్న టీచర్లు, ఆశాలు ఉన్నారు. తెలుగు లిపిలోనే వారం రోజుల్లో రాసిస్తారు.