గాల్లో గంటే, గుమ్మం నుంచి గుమ్మానికి కాదు

సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి విమానంలో గంటేనని ఈ ప్రయాణం గురించి వచ్చిన ఒక వ్యాసంలో రాశారు, దూరం సుమారు 300 కిలోమీటర్లే కాబట్టి గాల్లో ఉండే టైమ్ వరకు అది నిజమే. కానీ సింగపూర్ విమానాశ్రయం చాంగీకి రెండు గంటల ముందే చేరాలి, దిగాక ఇమిగ్రేషన్ క్యూ, ఆపైన అక్కడి విమానాశ్రయం ఊరికి 50 కిలోమీటర్ల పైనే, ఎక్స్‌ప్రెస్ రైలెక్కినా ఊళ్లోని ప్రధాన రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కి ఇంకో అరగంట. ఇవి కూడా రాయాల్సింది. అన్నీ కలిపితే నాలుగైదు గంటలు!

బస్సైతే ఐదారు గంటలు, టికెట్ చవక. కాకపోతే పాస్‌పోర్ట్ చెకింగ్‌కి సింగపూర్ సరిహద్దు వుడ్‌లాండ్స్‌లో ఒకసారి, రెండు దేశాల్నీ కలిపే సముద్రం మీది రోడ్డు కాజ్‌వే దాటాక మలేసియా వైపు జొహోర్ బారులో మరోసారి దిగాలి, అక్కడ సామాను మొత్తం మోసుకెళ్లి స్కానింగ్ చేయించుకుని మళ్లీ బస్సెక్కాలి, చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి అసలు కష్టం ఇదే. వాళ్లకి మాత్రం విమానమే మేలంటాను. శుక్రవారం సాయంత్రమైతే ఎవరూ బస్సు జోలికి పోకండి, కాజ్‌వే మీద ట్రాఫిక్ ఒక పట్టాన కదలదు.